బ్యాటన్ ట్విర్లింగ్: శిక్షణ, పోటీలు, విజయాలు

రెండు కొసల్లో రబ్బరు తొడుగులున్న సన్నని లోహపు కడ్డీని వేళ్ల మధ్య, చేతుల మీద, మెడ మీద తిప్పుతూ, గాలిలోకి విసిరి అందుకుంటూ సంగీతానికి అనుగుణంగా ప్రదర్శించే క్రీడ బ్యాటన్ ట్విర్లింగ్. ఆ కడ్డీని బ్యాటన్ అనీ, దాన్ని తిప్పేవారిని ట్విర్లర్లు అనీ అంటారు. నృత్యం, జిమ్నాస్టిక్స్, హస్తలాఘవం కలిసిన ఈ విద్య కవాతు బ్యాండ్ల ముందు వరసలో పుట్టింది. 20వ శతాబ్దం మధ్యకాలంలో అమెరికాలో పోటీ క్రీడగా రూపుకట్టింది. 1980 నుంచి దీనికి ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లు జరుగుతున్నాయి. ఉత్తర అమెరికా, ఐరోపా, జపాన్ దీనికి ప్రధాన కేంద్రాలు.

బ్యాటన్ గాలిలో ఉన్న రెండు మూడు సెకన్లలో శరీరం ఏం చేసింది, అది తిరిగి చేతికి వచ్చేటప్పుడు లయ ఎంతవరకు నిలిచింది అన్నవే ఈ క్రీడలో ప్రతిభకు కొలతలు. శిక్షణ పద్ధతి, పోటీ నియమాలు, మార్కుల విధానం అన్నీ ఈ రెండింటి చుట్టూనే ఏర్పడ్డాయి.

పరికరం

పోటీల్లో వాడే బ్యాటన్ సాధారణంగా క్రోమ్ పూత పూసిన ఉక్కు కడ్డీ. మందం సుమారు ఒక సెంటీమీటరు, బరువు పావు కిలోకు కాస్త అటూ ఇటూ. రెండు కొసలకూ తెల్లని రబ్బరు తొడుగులుంటాయి. పెద్ద తొడుగును బాల్ అనీ, చిన్నదాన్ని టిప్ అనీ పిలుస్తారు. బాల్ వైపు కాస్త బరువెక్కువ కాబట్టి గరిమనాభి కడ్డీకి సరిగ్గా నడుమ ఉండదు, కొద్దిగా బాల్ వైపు జరిగి ఉంటుంది. అందుకే కొత్తగా నేర్చుకునేవారికి మొదటి పాఠం కడ్డీ ఏ బిందువు దగ్గర వేలి మీద సమంగా నిలుస్తుందో కనుక్కోవడం. పట్టు ఆ బిందువు దగ్గరే ఉండాలి. బొటనవేలు బాల్ వైపు ఉండడం మూల స్థితి. అక్కడి నుంచే చాలా విన్యాసాలు మొదలవుతాయి.

పొడవు మనిషి చేతిని బట్టి ఉంటుంది. చేతిని పక్కకు చాచి, చంక నుంచి మధ్యవేలి కొస దాకా కొలవడం ఒక వాడుక పద్ధతి. చిన్నపిల్లలకు 50 సెంటీమీటర్ల చిల్లర ఉన్న బ్యాటన్ సరిపోతుంది. పెద్దలు 65 నుంచి 75 సెంటీమీటర్ల మధ్యవి వాడతారు. మరీ పొడవైతే మోచేతికి, చంకకు తగిలి భ్రమణం ఆగిపోతుంది. మరీ పొట్టిదైతే మెడ మీదుగా దొర్లించే విన్యాసాలకు చాలదు. పెరిగే వయసు పిల్లలు అందువల్ల కొన్నేళ్లకోసారి బ్యాటన్ మార్చుకోవాల్సి వస్తుంది. కొత్త పొడవుకు మణికట్టు అలవాటుపడే దాకా పాత విన్యాసాలు కూడా కొంత తడబడతాయి.

చరిత్ర

ఐరోపా సైనిక పటాలాల్లో బ్యాండు ముందు నడిచే డ్రమ్ మేజర్ చేతిలో పొడవాటి బరువైన దండం ఉండేది. దానితోనే అతడు వాద్యకారులకు నడక, మలుపు, ఆగుదల సూచించేవాడు. మన గణతంత్ర దినోత్సవ కవాతులో సైనిక బ్యాండు ముందు కనిపించే దండం ఆ సంప్రదాయానిదే. సంకేతాలివ్వడానికి పుట్టిన ఆ దండాన్ని కొందరు డ్రమ్ మేజర్లు తిప్పి, ఎగరేసి ప్రేక్షకులను మెప్పించడం మొదలుపెట్టారు. సంకేతం పని పక్కకు తప్పుకొని ప్రదర్శన ముందుకొచ్చిన కొద్దీ దండం బరువు, పొడవు తగ్గుతూ వచ్చాయి.

1930ల నాటికి అమెరికాలో పాఠశాల, కళాశాల బ్యాండ్లు ఊరూరా వెలిశాయి. ఫుట్‌బాల్ ఆట విరామంలో బ్యాండు మైదానంలోకి దిగడం ఆనవాయితీ అయింది. బ్యాండు ముందు పొట్టి లంగా, ఎత్తైన టోపీ, బూట్లతో బ్యాటన్ తిప్పే అమ్మాయిలకు మేజొరెట్లు అని పేరొచ్చింది. సైనిక బ్యాండ్లలో మగవారి సొత్తుగా ఉన్న విద్య ఒక తరం తిరిగేసరికి ఎక్కువగా ఆడపిల్లల చేతికి వచ్చింది. షికాగోలాండ్ సంగీతోత్సవం వంటి పెద్ద వేడుకల్లో బ్యాటన్ పోటీలు చోటు చేసుకున్నాయి. అయితే ఒక్కో ఊళ్లో ఒక్కో నియమం, ఒక్కో జడ్జీకి ఒక్కో అభిరుచి ఉండేవి.

ఆ పరిస్థితిని మార్చడానికి 1945లో డాన్ సార్టెల్ జాతీయ బ్యాటన్ ట్విర్లింగ్ సంఘాన్ని స్థాపించాడు. విస్కాన్సిన్ రాష్ట్రంలోని జేన్స్‌విల్ దాని కేంద్రం. వయసు విభాగాలు, నైపుణ్య శ్రేణులు, ఒకే తరహా మార్కుల పత్రాలు, శిక్షణ పొందిన జడ్జీలు ఈ దశలోనే వచ్చారు. 1958లో అమెరికా ట్విర్లింగ్ సంఘం ఏర్పడింది. ఒకే దేశంలో రెండు మూడు సంఘాలు, రెండు మూడు జాతీయ ఛాంపియన్‌షిప్‌లు ఉండే పద్ధతి అప్పటి నుంచే స్థిరపడింది. ఒక ట్విర్లర్‌ను ‘జాతీయ ఛాంపియన్’ అన్నప్పుడు ఏ సంఘం పోటీలో గెలిచారో కూడా చెప్పాల్సి రావడం దీనివల్లే.

విన్యాసాల రీతులు

బ్యాటన్ విన్యాసాలను మూడు రీతులుగా విభజిస్తారు. మొదటిది చేతి పట్టు విడవకుండా తిప్పేది. మణికట్టు తిప్పుళ్లు, ఎనిమిది అంకె ఆకారపు చుట్లు, ఒక వేలి నుంచి మరో వేలికి కడ్డీని జార్చే వేళ్ల తిప్పుళ్లు ఇందులోకి వస్తాయి. ప్రేక్షకులకు ఇవి తేలిగ్గా కనిపిస్తాయి. వేగం, స్పష్టత, రెండు చేతుల సమానత మాత్రం ఇక్కడే బయటపడతాయి. కుడిచేతితో చేసినంత శుభ్రంగా ఎడమచేతితోనూ చేయగలిగితేనే పై శ్రేణి మార్కులు వస్తాయి.

రెండోది దొర్లింపు. బ్యాటన్‌ను చేత్తో పట్టుకోకుండా శరీరం మీదుగా తిరుగుతూ సాగేలా చేయడం దీని సారం. అరచేతి వెనుక భాగం మీద తిరిగే ‘ఫిష్’, మోచేతుల మీదుగా సాగే ఎల్బో రోల్, మెడ చుట్టూ తిరిగే నెక్ రోల్ ప్రసిద్ధమైనవి. ఒకే రోల్‌ను ఆపకుండా వరసగా చేయడం, ఒక రోల్ నుంచి మరో రోల్‌లోకి చెయ్యి తగలకుండా జారడం కష్టమైన పనులు. శరీరం కదలిక అణుమాత్రం ముందో వెనకో అయితే కడ్డీ తిరుగుడు చచ్చిపోయి కింద పడుతుంది. దొర్లింపులో బ్యాటన్‌కు శక్తినిచ్చేది భుజం, మెడ, నడుముల ఊపే.

మూడోది విసురు. బొటనవేలి మీదుగా ఒక చుట్టు తిప్పి వదిలే థంబ్ టాస్, తెరిచిన అరచేతి నుంచి ఎగరేసేది, చేతి వెనుక వైపు నుంచి చిమ్మేది ఇందులోని రకాలు. విసురు కింద జరిగే శరీర కదలికల్లో ముఖ్యమైనవి స్పిన్, గెంతు, ఇల్యూజన్. స్పిన్ అంటే నిలువుగా గిర్రున తిరగడం. ఇల్యూజన్‌లో ఒక కాలి మీద నిలబడి, నడుము దగ్గర ముందుకు వంగుతూ రెండో కాలిని వెనుక నుంచి నిలువునా తిప్పి తీసుకొస్తారు. పట్టుకోవడంలోనూ శ్రేణులున్నాయి. కళ్ల ఎదుట అందుకోవడం సులువైనది. వీపు వెనుక, కాలి కింద, తల వెనుక కంటికి కనిపించని చోట అందుకునే పట్లకు విలువ ఎక్కువ.

గాలిలో కాలం

విసురు ఎత్తు పెంచితే సమయం చాలా పెరుగుతుందని అనిపిస్తుంది. నిజానికి గాలిలో ఉండే కాలం ఎత్తుకు వర్గమూలంగానే పెరుగుతుంది. చేతి మట్టం నుంచి 6 మీటర్ల ఎత్తుకు లేచిన బ్యాటన్ తిరిగి రావడానికి సుమారు 2.2 సెకన్లు పడుతుంది. 9 మీటర్లకు లేస్తే సుమారు 2.7 సెకన్లు. ఎత్తు సగానికి సగం పెరిగినా దక్కింది అర సెకను. ఆ అర సెకను కోసం బ్యాటన్ చేతిని విడిచే వేగం గంటకు 39 కిలోమీటర్ల నుంచి 48కి పెరగాలి. అంత వేగంగా వదిలేటప్పుడు చెయ్యి ఏమాత్రం వంకరపోయినా కడ్డీ రెండు మూడు అడుగుల దూరంలో దిగుతుంది.

అందుకే అనుభవమున్న శిక్షకులు ఎత్తు కన్నా స్పిన్ వేగం మీదే ఎక్కువ కాలం పని చేయిస్తారు. ఒక్కో చుట్టుకు పట్టే సమయాన్ని 0.5 సెకను నుంచి 0.4కు తగ్గించగలిగితే, అదే 2 సెకన్లలో నాలుగు చుట్లకు బదులు ఐదు పడతాయి. ఒక్క విసురుకు అత్యధిక స్పిన్లు తిరిగిన రికార్డు కింద గిన్నిస్ పుస్తకం 1986 డిసెంబరు 9న డొనాల్డ్ గార్సియా పూర్తి చేసిన 10 స్పిన్లను నమోదు చేసింది. చుట్టుకు 0.3 సెకను చొప్పున వేసుకున్నా 10 చుట్లకు 3 సెకన్లు కావాలి. అంటే బ్యాటన్ 11 మీటర్ల ఎత్తుకు, దాదాపు మూడంతస్తుల మేడ మీదికి, వెళ్లి రావాలి.

భ్రమణం సంగతి వేరు. బ్యాటన్ పైకి వెళ్లే వేగానికీ, తన చుట్టూ తాను తిరిగే వేగానికీ సంబంధం లేదు. రెండూ చెయ్యి వదిలే క్షణంలోనే నిర్ణయమవుతాయి. ఆ తర్వాత దాన్ని సరిదిద్దే వీలు లేదు. కాబట్టి ఎన్ని చుట్లు తిరిగి ఏ స్థితిలో చేతికి దిగుతుందో వదిలేటప్పుడే కుదరాలి. అది కుదిరితేనే ట్విర్లర్ పైకి చూడకుండా స్పిన్ మీద మనసు పెట్టగలరు. శిక్షకులు పట్టుకోవడం కన్నా వదలడం మీద ఎక్కువ శ్రద్ధ పెట్టడానికి కారణమిదే.

శిక్షణ

చాలామంది ట్విర్లర్లు బడికి వెళ్లడం మొదలుపెట్టే వయసులోనే బ్యాటన్ పడతారు. తొలి పాఠాలు మణికట్టుకు. భూమికి సమాంతరంగా తిప్పడం, నిలువుగా తిప్పడం, ఒక తలం నుంచి మరో తలానికి మార్చడం నేర్పుతారు. మన కర్రసాము చూసినవారికి శరీరానికి రెండు పక్కలా సాగే ఎనిమిది అంకె చుట్టు కొత్తగా అనిపించదు. కర్రసాములో రెండు చేతుల బలంతో నడిచే పనిని ఇక్కడ ఒక్క మణికట్టు, మూడు వేళ్లు చేయాలి. తలం శుభ్రంగా ఉండడం మొదటి నుంచీ పట్టించుకోవాల్సిన విషయం. నిలువుగా తిరగాల్సిన బ్యాటన్ ఏటవాలుగా ఒరిగితే తర్వాత ఏ విసురూ నిటారుగా లేవదు.

తర్వాతి మెట్టు చిన్న విసుర్లు. తల ఎత్తుకు మించకుండా వదిలి, కదలకుండా నిలబడి, వచ్చిన చోటే అందుకోవడం అభ్యాసం చేయిస్తారు. అది నిలకడగా కుదిరాకే కింద ఒక స్పిన్, ఆపై రెండు, ఇలా పెంచుకుంటూ పోతారు. స్పిన్‌ను బ్యాటన్ లేకుండా విడిగా, విసురును స్పిన్ లేకుండా విడిగా సాధన చేసి, చివరకు రెండింటినీ కలుపుతారు. కలిపిన మొదటి వారాల్లో రెండూ చెడిపోవడం మామూలే. స్పిన్ తిరిగేటప్పుడు పాదం అంగుళాలు జరిగినా శరీరం బ్యాటన్ దిగే చోటు నుంచి తప్పిపోతుంది.

దొర్లింపుల సాధనకు ఓపిక ఎక్కువ కావాలి. ఎల్బో రోల్‌లో బ్యాటన్ ఒక మోచేతి మీద నుంచి ఇంకో మోచేతి మీదికి పోయే చోటును శిక్షకులు నెమ్మదిగా చేతులతో పట్టి చూపిస్తారు. వరస రోల్స్‌లో నాలుగైదు దాటాక చాలామందికి లయ తప్పుతుంది. అక్కడే ఆగి, తప్పిన చోటి నుంచి మళ్లీ మొదలుపెడతారు.

పై శ్రేణి ట్విర్లర్ల దినచర్యలో బ్యాటన్ ఒక భాగమే. బాలే, జాజ్ నృత్య పాఠాలు గెంతుకు, కాలి సాగుకు, చేతి రేఖకు ఉపకరిస్తాయి. నడుము బలం, చీలమండ నిలకడ, భుజాల సాగు కోసం విడిగా వ్యాయామాలుంటాయి. ఆపైన కొరియోగ్రఫీ వస్తుంది. రెండు, రెండున్నర నిమిషాల సంగీతాన్ని ఎంచుకొని, కత్తిరించి, అందులో ఏ తాళానికి విసురు లేవాలి, ఏ తాళానికి చేతిలో పడాలి అన్నది గీసుకుంటారు. బ్యాటన్ పడే తాళమూ సంగీతంలో దెబ్బ పడే తాళమూ ఒకటైతే చూసేవారికి ఆ విసురు అక్కడికే పుట్టినట్టు ఉంటుంది.

సాధన స్థలం కూడా ఒక సమస్యే. పైకప్పు తక్కువున్న హాలులో ఎత్తు విసుర్లు కుదరవు. మైదానంలో గాలి, ఎండ అడ్డొస్తాయి. పెద్ద పోటీలకు వేదిక ఎంపికలో పైకప్పు ఎత్తు, దీపాల అమరిక ముందు చూసే విషయాలు. పైకి చూసినప్పుడు కళ్లలో వెలుగు పడితే ఎంత సాధన చేసిన విసురైనా చేజారుతుంది.

గాయాల్లో చిన్నవి ఎక్కువ. వేళ్ల కణుపుల మీద, ముంజేతి మీద, ముఖం మీద కడ్డీ తగిలి కమిలిపోవడం నేర్చుకునే వారికి నిత్యకృత్యం. ఒకే కదలికను వందలసార్లు చేయడం వల్ల మణికట్టు, భుజం నొప్పులు వస్తాయి. స్పిన్లు, గెంతుల భారం చీలమండ, మోకాళ్ల మీద పడుతుంది. సాధన మొదట్లో శరీరాన్ని వేడెక్కించడం, రెండు చేతులకూ పని సమంగా పంచడం వీటికి ముందు జాగ్రత్తలు.

పోటీ అంశాలు

వ్యక్తిగత పోటీల్లో అన్నిటికన్నా పాతది సోలో. అమెరికా జాతీయ సంఘం సంప్రదాయంలో అందరూ ఒకే తరహా మార్చ్ సంగీతానికి ప్రదర్శిస్తారు. జిమ్‌లో వరసగా గీసిన చోట్లలో ఒకేసారి పలువురు ట్విర్లర్లు, ఒక్కొక్కరి ముందు జడ్జీలు ఉండడం అక్కడి దృశ్యం. ప్రదర్శన సెల్యూట్‌తో మొదలై సెల్యూట్‌తో ముగుస్తుంది. సైనిక కవాతు నుంచి మిగిలిన గుర్తు అది.

రెండు బ్యాటన్ల పోటీలో చేతికొకటి చొప్పున తిప్పుతూ, ఒకటి గాలిలో ఉండగా రెండోది ఆగకుండా చూడాలి. మూడు బ్యాటన్ల పోటీలో గారడీ లక్షణాలు కనిపిస్తాయి. రెండు చేతుల్లో రెండు, గాలిలో ఒకటి అన్న క్రమం ఎక్కడా తెగకూడదు. స్ట్రట్ అనే అంశంలో నడకకే ప్రాధాన్యం. తాళానికి సరిగ్గా పడే అడుగు, పైకి లేచే మోకాలు, నిటారైన వెన్ను దీని కొలతలు. జెండా కట్టిన బ్యాటన్, చక్రంలో బిగించిన బ్యాటన్ వంటి ప్రత్యేకాంశాలు కూడా కొన్ని సంఘాల పోటీల్లో ఉన్నాయి. రెండు కొసలా నిప్పు వెలిగించి తిప్పే బ్యాటన్ ప్రేక్షకులకు ప్రీతిపాత్రమైనదే అయినా అది ప్రదర్శనలకు పరిమితం.

అంతర్జాతీయ పోటీల్లో ప్రతిష్ఠ ఎక్కువగా ఫ్రీస్టైల్‌కు. ఇక్కడ సంగీతం ట్విర్లర్ ఎంపిక. మైదానమంతా వాడుకోవాలి. నృత్యం, బ్యాటన్ రెండూ విడదీయలేనంతగా కలిసిపోవాలి. ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లలో చాలాకాలం ఫ్రీస్టైల్‌తో పాటు నిర్బంధ విన్యాసాలు, షార్ట్ ప్రోగ్రామ్ కూడా ఉండేవి. ఫిగర్ స్కేటింగ్ తెలిసినవారికి ఈ మూడంచెల ఏర్పాటు పరిచితమే. జంటల పోటీలో ఇద్దరు బ్యాటన్లు మార్చుకుంటారు. టీమ్, గ్రూప్ పోటీల్లో పలువురు ఒకేసారి విసిరి, స్థానాలు మారి, ఒకరి బ్యాటన్‌ను ఇంకొకరు అందుకుంటారు. ఒకరి విసురు ఎత్తు తక్కువైతే వరసంతా చెదిరిపోతుంది కాబట్టి అందరి విసురూ ఒకే ఎత్తుకు లేపడం టీమ్ సాధనలో పెద్ద పని.

మార్కుల విధానం

సోలో వంటి పోటీల్లో జడ్జీలు విన్యాసాల వైవిధ్యం, కష్టం, వేగం, నియంత్రణ, సాఫీదనం, ప్రదర్శన తీరు వంటి శీర్షికల కింద మార్కులు వేస్తారు. ఫ్రీస్టైల్‌లో సాంకేతిక ప్రావీణ్యానికి, కళాత్మక వ్యక్తీకరణకు విడివిడిగా పదికి మార్కులు వేసే పద్ధతి ప్రపంచ సమాఖ్య కాలంలో స్థిరపడింది. రెండింట్లోనూ పైకొచ్చినవారే గెలుస్తారు.

బ్యాటన్ కింద పడితే మార్కులు తగ్గుతాయి. పడిన బ్యాటన్‌ను లయ చెదరకుండా అందుకొని మళ్లీ ప్రవాహంలో కలవడం కూడా ఒక నైపుణ్యమే. నియమావళికి మించిన సమయం, రెండు చేతులతో పట్టుకోవడం, విన్యాసం మధ్యలో ఆగిపోవడం వంటి లోపాలకూ కోతలుంటాయి. తేలికైన విన్యాసాలతో ఒక్కసారీ జారవిడవని ట్విర్లర్‌కూ, అతి కష్టమైనవి ప్రయత్నించి ఒకసారి జారవిడిచిన ట్విర్లర్‌కూ మధ్య ఎవరిని పైన నిలపాలన్నది జడ్జీలు తరచూ ఎదుర్కొనే ప్రశ్న. కష్టానికి ఇచ్చే విలువ పెంచుతూ పోయిన కొద్దీ ట్విర్లర్లు సాహసాలకు మొగ్గారు. నేటి పై శ్రేణి ప్రదర్శనల్లో ఒక్క నిమిషంలో కనిపించే ఎత్తు విసుర్లు, చూడకుండా అందుకునే పట్లు ఆ మొగ్గు ఫలితం.

మార్కులతో పాటు జడ్జీలు వ్యాఖ్యలు కూడా రాస్తారు, కొన్నిచోట్ల రికార్డు చేసి ఇస్తారు. చిన్న శ్రేణుల్లో పోటీపడే పిల్లలకు పతకం కన్నా ఆ వ్యాఖ్యలే తర్వాతి సాధనకు పనికొస్తాయి. అమెరికా సంఘాల్లో ట్విర్లర్లు నవ్యులు, ఆరంభకులు, మధ్యస్థులు, ఉన్నతులు అనే శ్రేణులుగా ఉంటారు. ఒక శ్రేణిలో నిర్ణీత సంఖ్యలో విజయాలు సాధిస్తే పై శ్రేణికి వెళ్తారు.

సంస్థలు, ప్రపంచ పోటీలు

ప్రపంచ బ్యాటన్ ట్విర్లింగ్ సమాఖ్య 1977లో ఏర్పడింది. దాని తొలి ప్రపంచ ఛాంపియన్‌షిప్ 1980లో అమెరికాలోని సియాటిల్ నగరంలో జరిగింది. తర్వాతి దశాబ్దాల్లో పోటీలు ఖండాలు మారుతూ వచ్చాయి. 2012లో ఫ్రాన్స్‌లోని విల్నవ్ దాస్క్, 2014లో ఇంగ్లండ్‌లోని నాటింగ్‌హామ్, 2016లో స్వీడన్‌లోని హెల్సింగ్‌బర్గ్, 2018లో ఫ్లోరిడాలోని కిసిమ్మీ వేదికలయ్యాయి. కోవిడ్ కారణంగా 2020 పోటీలు జరగలేదు. 2022లో ఇటలీలోని టురిన్‌లో ట్విర్లర్లు మళ్లీ కలిశారు.

సోలో, రెండు బ్యాటన్లు, మూడు బ్యాటన్ల వంటి అంశాలకు అదే సమాఖ్య ఇంటర్నేషనల్ కప్ పేరుతో విడిగా పోటీలు నడిపింది. 2017లో క్రొయేషియాలోని పొరెచ్, 2019లో ఫ్రాన్స్‌లోని లిమోజ్ వాటికి ఆతిథ్యమిచ్చాయి. దీనికి సమాంతరంగా అమెరికా జాతీయ సంఘం సంప్రదాయాన్ని అనుసరించే దేశాలు మరో ప్రపంచ సమాఖ్య కింద తమ పోటీలు జరుపుకున్నాయి. రెండు నియమావళులు, రెండు ప్రపంచ టైటిళ్లు ఉండడం క్రీడ గుర్తింపుకు అడ్డంకి అయింది. చివరకు రెండు వర్గాలూ కలిసి అంతర్జాతీయ బ్యాటన్ ట్విర్లింగ్ సమాఖ్యగా ఒక్కటయ్యాయి. దాని ఆధ్వర్యంలో తొలి ప్రపంచ ఛాంపియన్‌షిప్, నేషన్స్ కప్ 2023 ఆగస్టులో ఇంగ్లండ్‌లోని లివర్‌పూల్‌లో జరిగాయి.

అమెరికా జాతీయ సంఘం వార్షిక వేడుక పేరు ‘అమెరికాస్ యూత్ ఆన్ పరేడ్’. ఇండియానాలోని నోత్రదామ్ విశ్వవిద్యాలయం దశాబ్దాలుగా దానికి ఆనవాయితీ వేదిక. మిస్ మేజొరెట్ ఆఫ్ అమెరికా, గ్రాండ్ నేషనల్ ట్విర్లింగ్ ఛాంపియన్ అక్కడ ఇచ్చే పెద్ద టైటిళ్లు. మొదటిది సోలో, నడక, వేదిక మీద వ్యక్తిత్వం కలిపి చూస్తుంది. రెండోది పూర్తిగా ట్విర్లింగ్ ప్రతిభకు దక్కేది.

విజయాలు

తొలి దశాబ్దాల్లో అమెరికా ట్విర్లర్లదే పైచేయి. విన్యాసాల పేర్లు, శిక్షణ పుస్తకాలు, మార్కుల పత్రాలు అన్నీ అక్కడివే. తర్వాత జపాన్ ముందుకొచ్చింది. అమెరికా తరహా మార్చింగ్ బ్యాండ్లతో యుద్ధానంతరం జపాన్‌కు చేరిన ఈ విద్య అక్కడ బడి క్లబ్బుల్లో స్థిరపడింది. రోజూ బడి అయ్యాక ఒకే జట్టుగా, ఒకే శిక్షకుడి కింద ఏళ్లతరబడి సాధన చేసే క్లబ్బు పద్ధతి టీమ్ పోటీలకు సరిగ్గా కుదిరింది. ఒసాకా ప్రాంతంలోని పీఎల్ గకుయెన్ విద్యాసంస్థ బ్యాటన్ బృందాలకు పేరుపొందింది. వ్యక్తిగత విభాగాల్లో నొరికో తకాహషి మహిళల్లో, సెయిషి ఇనగాకి పురుషుల్లో పలుమార్లు ప్రపంచ ఛాంపియన్లయ్యారు. దొర్లింపులను విసుర్లతో అతుకు కనబడకుండా కలపడం, వేగంలోనూ నృత్యరేఖ చెడకపోవడం జపాన్ శైలిగా స్థిరపడ్డాయి. ఇతర దేశాల శిక్షకులు ఆ ప్రదర్శనలను పాఠాలుగా చూడడం మొదలుపెట్టారు.

ఫ్రాన్స్, ఇటలీల్లో జాతీయ సమాఖ్యలు, క్లబ్బులు బలంగా ఉన్నాయి. ఇటలీలో ట్విర్లింగ్ సమాఖ్యకు జాతీయ ఒలింపిక్ కమిటీ గుర్తింపు ఉంది. కెనడా, నెదర్లాండ్స్, నార్వే, ఇంగ్లండ్‌ల జట్లు కూడా ప్రపంచ పోటీల్లో తరచూ కనిపిస్తాయి. మధ్య ఐరోపా దేశాల్లో మేజొరెట్ జట్లు ఊరి బ్యాండ్లతో కలిసి ఉత్సవాల్లో పాల్గొంటూ, విడిగా తమ పోటీలు నడుపుకుంటాయి. దక్షిణాఫ్రికాలో డ్రమ్ మేజొరెట్ పోటీలు పాఠశాలల మధ్య పెద్ద వేడుకలు. ఫిలిప్పీన్స్‌లో ఊరి పండగ ఊరేగింపు బ్యాటన్ తిప్పే అమ్మాయిలు లేకుండా సాగదు.

అమెరికా కళాశాలల్లో పోటీల వెలుపలా ఒక గౌరవ స్థానముంది. మార్చింగ్ బ్యాండుకు ముందు ఒంటరిగా ప్రదర్శించే ట్విర్లర్‌ను ఫీచర్ ట్విర్లర్ అంటారు. పర్డ్యూ విశ్వవిద్యాలయంలో ఆ స్థానం పేరు గోల్డెన్ గర్ల్. 1954లో వానీటా కార్పెంటర్ తొలి గోల్డెన్ గర్ల్ అయ్యారు. పెన్సిల్వేనియా స్టేట్ విశ్వవిద్యాలయంలో బ్లూ సఫైర్ పేరుతో అలాంటి స్థానమే ఉంది. ఈ ఎంపికలకు జాతీయ స్థాయి విజేతలే వస్తారు. చాలా చోట్ల విద్యార్థి వేతనం కూడా దక్కుతుంది. బ్యాటన్‌తో నగదు బహుమతులు పెద్దగా రాని చోట కళాశాల చదువు ఖర్చే ఈ క్రీడ ఇచ్చే ప్రధాన ఆర్థిక ఫలం.

మేజొరెట్ సంప్రదాయం బ్యాటన్‌ను విడిచి వెళ్లిన దారి కూడా ఉంది. మిసిసిపీలోని జాక్సన్ స్టేట్ విశ్వవిద్యాలయంలో 1970ల మొదట్లో షర్లీ మిడిల్టన్ మార్గదర్శకత్వంలో మేజొరెట్లు బ్యాటన్లు పక్కనపెట్టి పూర్తిగా నృత్యానికి మళ్లారు. ప్రాన్సింగ్ జె-సెట్స్‌గా పేరొందిన ఆ బృందం నల్లజాతి కళాశాలల బ్యాండ్లలో ఒక కొత్త నృత్యశైలికి మూలమైంది. పోటీ ట్విర్లింగ్ మాత్రం బ్యాటన్‌నే కేంద్రంగా ఉంచుకొని, నృత్యాన్ని దాని చుట్టూ అల్లుకుంది.

నేటి స్థితి

బ్యాటన్ ట్విర్లింగ్ ఒలింపిక్ క్రీడ కాదు. దేశానికో తీరు నియమాలు, ఒక్కో దేశంలో పలు సంఘాలు, అలంకార ప్రదర్శనగా వచ్చిన పాత ముద్ర దీనికి ప్రధాన కారణాలు. 2023 నాటి ఏకీకృత ప్రపంచ పోటీలు మొదటి రెండు సమస్యలకు జవాబు. మూడోది సమయం తీసుకునేది. పొట్టి లంగా, తళుకుల దుస్తులు, అందాల పోటీ ఛాయలు ఉన్న వేడుకలు ఒక వైపు, మార్కుల పత్రాలతో కొలిచే ఫ్రీస్టైల్ మరో వైపు ఒకే క్రీడలో కలిసి ఉండడమే ఆ ముద్రకు మూలం. పురుషుల విభాగానికి సమాన స్థానం, దుస్తుల నియమాల్లో సడలింపు, కష్టస్థాయిని అంకెల్లో నమోదు చేసే మార్కుల పద్ధతి అన్నవి సమాఖ్యల ముందున్న పనులు.

క్రీడను నడిపే బలం ఇప్పటికీ స్థానిక క్లబ్బులదే. ఒకప్పటి ట్విర్లర్లు శిక్షకులై, తర్వాత జడ్జీలై, తమ పిల్లలనే తిరిగి క్లబ్బుకు పంపే కుటుంబాలు అమెరికా, జపాన్, ఇటలీల్లో చాలా ఉన్నాయి. ఖర్చు తక్కువ, పరికరం చేతిలో పట్టేంత, మైదానం లేకపోయినా ఎత్తైన హాలుంటే చాలు. నేర్పేవారు దొరకడమే కష్టం. ప్రపంచ పోటీల్లో పతకాలు ఎక్కువగా కొన్ని దేశాలకే పోతుండడానికి అసలు కారణం ఆ శిక్షకుల పరంపరే. కొత్త దేశాలు ఈ క్రీడలో నిలవాలంటే ముందు తయారు చేసుకోవాల్సింది ఛాంపియన్లను కాదు, నేర్పగలవారిని.